‘డిప్యూటీ లెఫ్టినెంట్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఇంగ్లండులోని ఒక కౌంటీలో (మన జిల్లా వంటి ప్రాంతంలో) చాలాకాలంగా సమాజసేవ చేస్తున్న ఒక మహిళ ఆ కౌంటీకి డిప్యూటీ లెఫ్టినెంట్‌గా నియమితులయ్యారు. ఆ వార్తను మా సంఘం పత్రిక కోసం తెలుగు చేస్తూ ‘వాలంటీర్‌కు లాంఛనప్రాయమైన ఉప లెఫ్టినెంట్ పదవి’ అని శీర్షిక పెట్టాను గానీ తృప్తి కలగలేదు. సభ్యులు సలహా ఇవ్వగలరు.

జవాబు: అమ్మా, మీ శీర్షిక చదవగానే తెలుగు పాఠకునికి సైన్యం గుర్తుకు వస్తుంది. సైన్యం కాదని గ్రహించినవారికి యానాం వార్తల వల్ల పరిచయమైన పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరు గుర్తుకు వస్తారు. ఆయనకు పరిపాలనాధికారం ఉంది, ఈమెకు లేదు. ‘లెఫ్టినెంట్’ అన్నది ఫ్రెంచి మాట. ఒకరి స్థానంలో నిలిచే మనిషి అని దాని అర్థం. మన ‘ప్రతినిధి’కి సంస్కృతంలో ఉన్న అర్థమూ ఇంచుమించు అదే. పదహారో శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ కాలంలో, కౌంటీలలో సైనిక దళాలను సమీకరించడానికి రాజు తన బదులుగా నియమించినవారే లార్డ్ లెఫ్టినెంట్లు. 1871 నాటి చట్టంతో సైనిక దళాల మీద వారి అధికారం పోయింది కానీ, రాజు బదులుగా కౌంటీలో నిలవడమన్న మూలార్థం నేటికీ నిలిచే ఉంది. అందువల్ల లార్డ్ లెఫ్టినెంట్‌ను ‘కౌంటీలో రాజు ప్రతినిధి’ అనీ, మీ వార్తలోని వ్యక్తిని ‘ఉప ప్రతినిధి’ అనీ అనడం ఉచితమని నా అభిప్రాయం. ఒక్కమాటగా ‘రాజప్రతినిధి’ అంటే మాత్రం మన పాత పుస్తకాలలోని వైస్రాయి తలపుకు వస్తాడు కనుక, ‘రాజు’ను విడదీసి రాయండి.

నన్ను ఎక్కువగా బాధించినది ‘లాంఛనప్రాయం’ అన్న మాట. లాంఛనం అంటే గుర్తు, చిహ్నం. ‘అధికార లాంఛనాలతో అంత్యక్రియలు’ అన్నప్పుడు అందులో ఎంతో మర్యాద ఉంది. దానికి ‘ప్రాయం’ చేరగానే చేసినా చేయకపోయినా ఒకటే అన్న భావం వచ్చిపడుతుంది. పత్రికలలో తరచుగా కనిపించే ‘ఉత్సవ విగ్రహం’ అన్న పోలికకూ ఇదే గతి పట్టింది. గుడిలో మూలవిరాట్టు కదలదు. గుడిదాకా రాలేని ముసలివారి వాకిలికి, మంచాన పడిన రోగి కిటికీ ముందుకు వెళ్లేది ఉత్సవమూర్తే. ఆ పనిని నిష్ఫలత్వానికి పర్యాయంగా వాడుకోవడం మన అలవాటులోని లోపం. డిప్యూటీ లెఫ్టినెంట్లు చేసేదీ ఇటువంటి పనే: రాజకుటుంబీకులు కౌంటీకి వచ్చినప్పుడు ఏర్పాట్లలో సహకరిస్తారు, లార్డ్ లెఫ్టినెంట్ వెళ్లలేని సభలకు ఆయన బదులు వెళ్తారు, యుద్ధమృతుల స్మారక దినాన పుష్పచక్రం ఉంచుతారు, స్వచ్ఛంద సంస్థలకు రాజు పేరిట ఇచ్చే పురస్కారాల ప్రదానంలో పాల్గొంటారు. 2004లో బ్రిటన్‌లో పౌరసత్వ ప్రదాన సభలు మొదలైన తరువాత, అక్కడ పౌరసత్వం స్వీకరించిన మన తెలుగు కుటుంబాలలో చాలామందికి రాజు (2022 వరకు రాణి) తరఫున స్వాగతం పలికినవారు లార్డ్ లెఫ్టినెంటో, ఆయన డిప్యూటీలలో ఒకరో అయి ఉంటారు. జీతం లేని ఈ పదవిని ‘గౌరవ పదవి’ అంటే చాలు. ‘గౌరవ కార్యదర్శి’ అన్న వాడుక మన సంఘాలన్నిటికీ తెలిసినదే.

‘వాలంటీర్’ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టులో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైన నాటినుంచి ఆ మాటకు, సుమారు యాభై ఇళ్ల బాధ్యత చూస్తూ నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకున్న వ్యక్తి అన్న ప్రత్యేకార్థం స్థిరపడింది. ‘స్వచ్ఛంద సేవకురాలు’ అని రాస్తే సందేహం ఉండదు.

నియామకం ఎవరు చేశారన్నది కూడా సరిగ్గా రావాలి. డిప్యూటీలను నియమించేది రాజు కాదు, లార్డ్ లెఫ్టినెంట్. 1997 నాటి చట్టం ప్రకారం ఆ నియామకానికి రాజు ఆమోదం తెలపనక్కరలేదు; కాదనకుండా ఉంటే చాలు. ‘రాజు ఆమోదంతో’ అని రాస్తే ఔనన్నట్లు అవుతుంది. కాదనకపోవడం వేరు, ఔననడం వేరు అన్న తేడాను మన భాష చక్కగా పలుకుతుంది కనుక దానిని పోగొట్టుకోవద్దు.

మరొక సభ్యుని ప్రశ్న: ‘ఉప’ అంటే ఉపరాష్ట్రపతి, ఉపసర్పంచ్ లాగా ఒక్కరే అనిపించదా? కౌంటీకి డిప్యూటీలు చాలామంది ఉంటారు కదా.

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ప్రధాన ప్రతినిధి లేనప్పుడు ఆ బాధ్యత చూసేందుకు వైస్ లార్డ్ లెఫ్టినెంట్ అని వేరే ఒకరు ఉంటారు. ఆ డిప్యూటీలలో నుంచే వారిని ఎంపిక చేస్తారు. అయితే 2019 నుంచి 2024 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉపముఖ్యమంత్రులు ఉండేవారు కనుక, ‘ఉప’ అంటే ఒక్కరే అన్న భావన కొంత సడలింది. అయినా ‘ఉప ప్రతినిధులలో ఒకరిగా’ అని రాస్తే ఆ చిక్కు పూర్తిగా తొలగుతుంది. ‘ప్రతినిధి’ స్త్రీపురుషులిద్దరికీ ఒకేలా చెల్లడం అదనపు సౌలభ్యం.

మొదట అడిగిన సోదరికి, వార్త తొలి వాక్యంగా నా సూచన ఇది: ‘చాలాకాలంగా సమాజసేవ చేస్తున్న స్వచ్ఛంద సేవకురాలిని, ఆ కౌంటీలో రాజు ప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్ తన ఉప ప్రతినిధులలో ఒకరిగా, అంటే డిప్యూటీ లెఫ్టినెంట్‌గా, నియమించారు. ఇది జీతం లేని గౌరవ పదవి.’ పేరు చివర చేర్చే ‘డీఎల్’ అన్న అక్షరాలను తెలుగులో వదిలివేయండి. మన పాఠకులు వాటిని డ్రైవింగ్ లైసెన్సుగా చదువుకుంటారు.