పెరడు గచ్చు చేయించాలా, మట్టిగానే ఉంచాలా?

కోటగట్టు (విజయనగరం):

మేము విజయనగరంలో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాము. శ్లాబు పని పూర్తయింది. వంటగది వెనుక 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న జాగా మిగిలింది. దానిని మొత్తం గచ్చు చేయమంటారా, మట్టిగా వదిలేయమంటారా అని మేస్త్రీ అడుగుతున్నాడు. మట్టి లేని ఇంట్లో తనకు తోచదని మా అమ్మ అంటున్నారు. మట్టి ఉంటే పాములు, దోమలు, బురద తప్పవని, గచ్చు చేయించి కావలసిన మొక్కలను కుండీల్లో పెంచుకోవచ్చని నా భార్య అంటోంది. ఖర్చు సంగతి నేను చూసుకోగలను. ఇంటిపట్టున ఉండే మనిషికి రోజూ కాస్త సంతోషాన్నిచ్చేది ఈ రెండింటిలో ఏదో, అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

ఉద్దానం:

నేను మీ అమ్మగారి పక్షాన మాట్లాడతాను. మాది కొబ్బరి, పనస, జీడిమామిడి చెట్ల నడుమ ఇళ్ళు కట్టుకునే ప్రాంతం కనుక నాకు మట్టి మీద అభిమానం సహజమే, కానీ మీకు తోట వేసుకోమని చెప్పడం లేదు. పది అడుగుల పెరడును నేను వంటింట్లో భాగంగానే లెక్కవేస్తాను. పొయ్యి మీద పోపు వేగుతుండగా తలుపు తీసుకొని వెళ్ళి రెండు రెబ్బల కరివేపాకు తుంచుకొని రాగలగడం ఎంత చిన్న విషయమో, అది లేని ఇంట్లో ఉన్నప్పుడు అంత పెద్ద లోటుగా తెలుస్తుంది. రైతు బజారులో అన్నీ దొరుకుతాయి, కాని కట్టల్లోనూ కిలోల్లోనూ దొరుకుతాయి. ఆ పూటకు, ఆ ఇంట్లో ఉన్న నలుగురికి సరిపడా గుప్పెడు బచ్చలాకు, పచ్చడికి చాలినన్ని పచ్చిమిరపకాయలు పెరట్లోనే దొరుకుతాయి.

తోటకూర విత్తనం చల్లితే నెల తిరగకుండా పప్పులోకి వస్తుంది. వేసవి చివర పాతిన కంద ఏడెనిమిది నెలలకు, అంటే సంక్రాంతి దాటేసరికి, తవ్వుకోవడానికి సిద్ధమవుతుంది. పక్కనే పాకిన బచ్చలితో కలిపి, ఆవ పెట్టి కూర వండిన రోజున ఇంటిల్లిపాదీ రెండో మారు అన్నం వడ్డించుకుంటారు. తీగకు కాసిన ఆనపకాయలు ఒక ఇంటికి ఎక్కువవుతాయి కనుక గోడ మీదుగా పక్కింటికి వెళతాయి, అక్కడి నుంచి నిమ్మకాయలో అరటి దూటో తిరిగి వస్తుంది. కుండీల్లో ఇవన్నీ సాగవు. వేరుకు చోటు చాలదు, ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా నీరు పోయకపోతే మొక్క వాడిపోతుంది, నాలుగు రోజులు ఊరు వెళ్ళాలంటే ఎవరినో బతిమాలుకోవాలి. నేలలో వేరు దిగిన కరివేపాకు తన నీరు తానే వెతుక్కుంటుంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

ఉద్దానం గారు చెప్పిన రుచి వండే మనిషిగా నాకూ తెలుసు. అయితే వారి మాటల్లో చీపురు ఎక్కడా కనిపించలేదు.

మా అత్తవారి ఇంటి పెరడు మట్టిదే. ఆషాఢం నుంచి కార్తికం దాకా ఆ మట్టి కాళ్ళ వెంట వంటింట్లోకి వస్తూనే ఉంటుంది. ప్రొద్దున ఊడ్చిన చోట సాయంత్రానికి జామాకు మళ్ళీ పరుచుకుంటుంది. మోకాళ్ళ నొప్పులతోనే మా అత్తయ్యగారు ఏళ్ళ తరబడి వంగి ఊడ్చారు. ఆవిడ తరువాత ఆ పని నా చేతికి వచ్చింది. ఆ ఇంటి మగవారికి పెరడంటే ఎంతో ఇష్టం, కాని వారిలో ఒక్కరు కూడా ఆ చీపురు పట్టుకోలేదు. కోటగట్టు గారి భార్య గచ్చు కావాలన్నప్పుడు ఆవిడ మొక్కలను వద్దంటున్నారని అనుకోకండి. ఆ పని ఎవరి మీద పడుతుందో ఆవిడకు ముందే తెలుసు.

పైగా గచ్చుకు దాని సుఖాలు దానికి ఉన్నాయి. మాఘమాసపు ఎండలో బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టుకోవాలన్నా, వేసవిలో మిరపకాయలూ మామిడి ముక్కలూ ఆరబెట్టుకోవాలన్నా శుభ్రమైన గచ్చు వంటింటి తలుపు దగ్గరే ఉంటే ఆడవారికి మేడ మెట్లు ఎక్కే శ్రమ తప్పుతుంది. వేసవి సాయంత్రాలు రెండు బాల్చీల నీళ్ళు చల్లి, ఆరిన తరువాత చాప పరచుకొని కూర్చోవడం మా ఇంట్లో (ఇప్పుడు మేము ఉంటున్న ఇంట్లో) అందరికీ ఇష్టం. పిల్లలు సుద్దముక్కతో పులిజూదం పటం గీస్తారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఆడేవారు ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ వచ్చి పులులను కదలకుండా కట్టేయాలి, పులులను ఆడేవారు అంతలోపు మేకల మీదుగా దూకి వాటిని చంపాలి. మా అమ్మాయి మేకలతో గెలవడం నేర్చుకున్నాక టీవీ గొడవ చాలా తగ్గింది. మట్టి మీద ఈ ఆటలు సాగవని అనను, కాని తడి నేల మీద ఎవరూ కూర్చోరు.

తాపీ లెక్క (విజయనగరం):

కట్టుబడి పనిలో ఉన్నవాడిని కనుక నాకు తెలిసిన లెక్క చెబుతాను. మీ జాగా సుమారు 28 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు అవుతుంది. మన జిల్లాల్లో మామూలు సంవత్సరంలో 1,000 మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది కనుక, మొత్తం గచ్చు చేయిస్తే ఏటా 28,000 లీటర్ల నీరు మీ నేలలో ఇంకకుండా వీధి కాలువలోకి పోతుంది. తుపాను రోజున 100 మిల్లీమీటర్లు కురిస్తే అదొక్కటే 2,800 లీటర్లు. అప్పటికే నిండిన కాలువ దానిని తీసుకోదు.

దోమల సంగతి కూడా చూడండి. డెంగీ వ్యాపింపజేసే దోమ నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి కుండీల కింద పెట్టే పళ్ళాల గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. నీరు ఇంకిపోయే మట్టి వల్ల ఆ భయం తక్కువ. పాములు ఎలుకల కోసం, కప్పల కోసం వస్తాయి, మిగిలిన ఇటుకల గుట్టలోనూ కట్టెల కిందా దాక్కుంటాయి. గచ్చు చేయించి దాని మూలన ఇటుకలు పేర్చుకుంటే ఆ భయం అలాగే ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, వంటింటి గోడ వెంబడి నాలుగు అడుగులు గచ్చు చేయించి బయటి వైపు వాలు పెట్టించండి, మిగిలిన ఆరు అడుగులు మట్టిగా వదలండి. గోడను ఆనుకొని మట్టి ఉంటే చెమ్మ, చెద రెండూ వస్తాయి కనుక ఆ పట్టీ ఎలాగూ అవసరమే. అంత చిన్న జాగాలో పనస, కొబ్బరి, మునగ వేయకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు మన వైపు చెట్లను ఏం చేశాయో అందరం చూశాము. గోడ పక్కన విరిగే చెట్టు పెంచుకోకూడదు.

ఉద్దానం:

మునగ విషయంలో ఒప్పుకుంటాను, తిత్లీకి మా వైపు కొబ్బరి తోటలే నేలకొరిగాయి. కాని నాగావళి ఒడ్డు గారు చెప్పిన కష్టం చీపురు ఎవరు పడతారన్నదే తప్ప మట్టి తెచ్చినది కాదు. గచ్చును కూడా ఎవరో ఒకరు కడగాలి, వానాకాలంలో పట్టే నాచును ఎవరో ఒకరు గీకాలి. పని పంచుకోని ఇంట్లో ఏ నేల వేసినా భారం ఆ ఒక్కరిదే. దాని కోసం మీ అమ్మగారి వయసులో ఉన్న మనిషికి, ప్రొద్దున లేవగానే ఏ తీగకు పిందె పడిందో చూసుకునే అవకాశం లేకుండా చేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

పని పంచుకోవాలనే మాట బాగుంది, కాని మేస్త్రీ ఈ వారం అడుగుతున్నాడు, ఇంటి అలవాట్లు ఈ వారంలో మారవు. గచ్చు మీద ఒక తుడుపుతో పోయే పని మట్టి మీద రోజుకు రెండు మార్లు వంగితే గాని పోదు. అందుకే నేను ఇప్పటికీ మొత్తం గచ్చు చేయించి, గోడ వారన రెండడుగుల పాదు మాత్రం కరివేపాకుకూ మల్లెకూ వదలమనే చెబుతాను. ఆరు అడుగుల మట్టి ఉంచదలిస్తే, దానిని ఊడ్చేది ఎవరో కోటగట్టు గారు తమ భార్య ఎదుట ముందే చెప్పాలి.

కోటగట్టు (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. ఈ మాటలన్నీ ఇంట్లో చదివి వినిపించాను. ప్రొద్దున ఊడ్చే పని నాదని ఒప్పుకున్న తరువాత నాలుగు అడుగుల గచ్చుకు, ఆరు అడుగుల మట్టికి ఇద్దరూ అంగీకరించారు. బట్టలుతికే రాయి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. ఆ నీరు మొక్కలకు పారేలా పెట్టమని అమ్మ అంటున్నారు.

తాపీ లెక్క (విజయనగరం):

సబ్బు నీరు ఆకుకూరల పాదులకు పోనివ్వకండి. రాయిని గచ్చు చివర పెట్టి, ఆ నీటిని కాలువకు కలపండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు మాత్రం కరివేపాకు మొదట్లో పోసుకోవచ్చు. మరొక ముఖ్యమైన విషయం ఉంది. కట్టుబడి జరిగిన జాగాలో పై అడుగు మట్టి నిండా సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు ఉంటాయి, అందులో ఏ విత్తనమూ సరిగా పెరగదు. మేస్త్రీ ఉండగానే ఆ అడుగు మేర తవ్వించి తీయించి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపించండి. గచ్చు పోసేశాక ఆ మట్టి బండి లోపలికి రావడానికి దారి ఉండదు.