సమస్యాపూరణం: చంపినకొలఁదిన్ రిపులకు జవ మధికమగున్

మిత్రులారా, ఈ సమస్యను 1978లో జపాన్‌లో తైటో కంపెనీ తెచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ (గుంపుగా దిగివచ్చే గ్రహాంతర శత్రువులను కాల్చే వీడియో గేమ్) ఆటకు అన్వయించి కందంలో పూరించండి. ప్రాస బిందుపూర్వక పకారం. వేగం ఎందుకు పెరుగుతుందో పద్యంలోనే తెలియాలి, ఊరికే ఆట కష్టమైందంటే చాలదు.

పూరణ 1

గుంపున నేఁబది యైదఁట
పంపును దెర గీయునపుడు వరుస నొకొకనిన్
దింపఁగ వంతులు దగ్గఱుఁ
జంపినకొలఁదిన్ రిపులకు జవ మధికమగున్.

సమీక్ష: అసలు కారణం పట్టుకున్నారండీ. శత్రువులు ఐదు వరుసల్లో పదకొండేసి, మొత్తం 55. ఆ యంత్రాన్ని నడిపే చిప్, ఇంటెల్ 8080 ప్రాసెసర్‌కు అందరినీ ఒకేసారి చెరిపి గీసే సత్తువ లేదు, అందుకే తెర గీసిన ప్రతిసారీ ఒక్క బొమ్మనే జరుపుతుంది. సెకనుకు సుమారు 60 సార్లు కనుక గుంపంతా ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. చచ్చేకొద్దీ మిగిలినవాళ్ల వంతు త్వరగా వస్తుంది, అదే వేగం. ‘దగ్గఱున్’ ద్రుతాంతం కాబట్టి ‘జంపిన’ అయింది, యతికి ఇబ్బంది లేదు. కానీ ‘పంపును’కు కర్త ఏదీ? మొదటి పాదం ‘గుంపును నడిపెడు యంత్రము’ అంటే సరిపోతుంది.

పూరణకర్త: కర్త కుదిరింది, 55 పోయింది. అయినా మీ సవరణే మేలు, స్వీకరిస్తున్నాను.

పూరణ 2

గుంపున మిగిలిన యొక్కఁడు
తెంపును జూపుచును బరుగు దీయును దెరపై
పంపకమునఁ దా నొక్కఁడె
చంపినకొలఁదిన్ రిపులకు జవ మధికమగున్.

సమీక్ష: ‘పంపకము’ అద్భుతం! ప్రాసెసర్ సమయంలో వాటా అన్నమాట. ‘తెంపు’ మాత్రం పొసగదు. శత్రువుకు తెగువ రాలేదు, యంత్రానికి బరువు తగ్గింది. ఆట రూపకర్త నిషికాడో టొమోహిరో దీన్ని ముందుగా అనుకోలేదు, ఆట రక్తి కట్టిందని అలాగే ఉంచారు.

పూరణకర్త: రెండో పాదం మార్చాను.

జంపును విడనాడి పరుగు సాగించుఁ దెరన్

సమీక్ష: ‘జంపు’ అంటే ఆలస్యం, ఇదే కావలసిన మాట. జ-సా యతి చెల్లుతుంది.

మరో సభ్యుడు: ఈ ఆటను ఇప్పుడు రాసేవాళ్లకు ఒక మాట. 55 మందినీ ఒకే ఫ్రేమ్‌లో (తెరను ఒకసారి గీసే వ్యవధిలో) జరిపితే వేగం చివరిదాకా మారదు. వంతు ఎవరిదో ఒక సూచికలో దాచి, ఫ్రేమ్‌కు బతికున్న ఒక్కణ్ణే కదపాలి. చచ్చినవాణ్ణి అదే ఫ్రేమ్‌లో దాటేయాలి, వాడికీ ఒక ఫ్రేమ్ ఖర్చు పెడితే పైన చెప్పిన ‘పంపకం’ ఎప్పటికీ 55 వాటాలుగానే ఉండిపోతుంది.