వెండి మెట్టె నల్లబడకపోతే పుట్టగొడుగు మంచిదేనా?

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మొన్నటి వానకి ఇంటి వెనక గడ్డిలో పుట్టగొడుగులు లేచాయి. విస్తరాకంత గొడుగు, తెల్లగా, పైన గోధుమరంగు పెచ్చులు. కూరలో వెండి మెట్టె వేస్తే నల్లబడకపోతే తినొచ్చంటుంది మా అవ్వ. వండుకోవచ్చా?

— కావలి నుంచి:
వద్దన్నా. మెట్టె, పసుపు, వెల్లుల్లి... ఏవీ విషాన్ని పట్టించవు. పోయినేడు నేనూ అలాంటివే వేపుడు చేసుకుని తిన్నా. రెండు గంటలకు మొదలైన వాంతులు తెల్లారేదాకా ఆగలేదు. సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. కాడ తీసేసి, గొడుగుని తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆకుపచ్చ పొడి రాలి ఉంటే అదే రకం.

— కనిగిరి నుంచి:
మేం చెదపుట్ట మీదవే తెస్తాం. తవ్వితే కాడ వేరులా లోతుకి పుట్టలోకి పోతుంది. అయినా మా చిన్నాయన చూడనిదే పొయ్యెక్కించం. కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటే మాత్రం ముట్టొద్దు. ఆ జాతిలో కొన్నిటి విషం ఉడికించినా పోదు, ఆరు గంటలు దాటాకే బయటపడుతుంది. మధ్యలో తగ్గినట్టే ఉంటుంది గానీ లోపల కాలేయం దెబ్బతింటుంది. ఎవరైనా తినుంటే మిగిలిన ముక్క తీసుకుని ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

— అడిగిన నేనే:
పచ్చపొడే రాలింది! అవ్వకి కాగితం చూపిస్తే మెట్టె తీసి వేలికి పెట్టుకుంది. ఈ పూటకి పప్పుచారే.