రిపోర్టులోని «హీమోఫాగోసైటోసిస్»: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: బోన్ మ్యారో రిపోర్టులో «హీమోఫాగోసైటోసిస్ కనిపించింది» అని ఉంటే, అనువాదంలో «రక్తభక్షక వ్యాధి ఉంది» అని రాశారు. సరేనా? మ్యారోని మజ్జ అనాలా, మూలుగ అనాలా?

జవాబు: సరికాదండీ. అది మైక్రోస్కోపులో కనబడ్డ దృశ్యానికి పేరు. గ్రీకులో హైమా అంటే నెత్తురు, ఫాగీన్ అంటే తినడం. మాక్రోఫేజ్ (చెత్తనూ క్రిములనూ మింగే పెద్ద రక్షణకణం) కడుపులో ఎర్రకణమో, ప్లేట్‌లెట్టో, కేంద్రకమున్న కణమో ఇంకా అరగకుండా, చుట్టూ తెల్లటి వలయంతో కనిపిస్తుంది. «రక్తకణ భక్షణ» అంటే చాలు. జబ్బు పేరు వేరు, హెచ్‌ఎల్‌హెచ్ (హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్, రోగనిరోధక శక్తి అదుపు తప్పే జబ్బు). దాన్ని నిర్ధారించాలంటే 2004 ప్రమాణాల ప్రకారం 8 అంశాల్లో 5 కలవాలి: జ్వరం, ప్లీహం పెరగడం (పల్లెల్లో ‘కడుపులో బల్ల’), రెండు రకాల రక్తకణాలైనా తగ్గడం, ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్) మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు లేదా ఆపైన, ఇలాంటివి. భక్షణ ఆ ఎనిమిదిలో ఒకటి, అంతే. సెప్సిస్‌లోనూ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరిన స్థితి), రక్తం ఎక్కించాకా హెచ్‌ఎల్‌హెచ్ లేకుండానే కనిపిస్తుంది.

మరొకరు: మూలుగ మన మాటే. మాంసం కొట్లో అదే అడుగుతాం, తెలంగాణలో నల్లి బొక్క. కానీ «మూలుగ పరీక్ష» అంటే సగం మందికి మూలుగు వినిపిస్తుంది! సప్తధాతువుల్లో ఆరోది మజ్జ. రాతలో అదే ఉంచి, రోగితో «ఎముకలోని మూలుగ కొంచెం తీసి చూస్తారు» అంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంకొకరు: «కొంచెం» అన్న మాట వదలకండి. తుంటి ఎముక వెనక అంచున మత్తిచ్చి సూది దింపాక, స్లైడ్లకు మొదట లాగిన పావు నుంచి అర మిల్లీలీటరే మేలు. ఎక్కువ లాగితే నెత్తురు కలిసి పలుచనవుతుంది, మజ్జ రేణువులు దొరకవు. మాక్రోఫేజ్‌లు పెద్దవి కదా, స్మియర్ (స్లైడు మీద పలుచగా పరిచిన పూత) చివరికీ అంచులకూ ఈడ్చుకుపోతాయి. మధ్యలోనే చూస్తే తప్పిపోతాయి. ముందు 10 రెట్ల లెన్సుతో వెతికి, తర్వాత ఆయిల్ లెన్సు. ఒక కణం మీద ఇంకోటి పడినా మింగినట్టే ఉంటుంది, ఫోకస్ పైకీ కిందకీ తిప్పి వలయం ఉందో లేదో చూడాలి. ఎముక ముక్కలో అయితే సీడీ163 (మాక్రోఫేజ్‌ల మీద ఉండే ప్రోటీన్) రంగు వేస్తే మాక్రోఫేజ్‌లు తేలతాయి. హెచ్‌ఎల్‌హెచ్‌కి లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), లీష్మేనియా (కాలా అజార్ తెచ్చే పరాన్నజీవి) వంటి మూలకారణాలు కూడా ఈ పరీక్షలో పట్టుబడొచ్చు.

మొదటి జవాబిచ్చినవారు: అందుకే «భక్షణ కనబడలేదు» అన్నదాన్ని «వ్యాధి లేదు» అని రాయడం ఇంకా పెద్ద తప్పు. జబ్బు మొదట్లో చాలామందికి కనబడదు, మళ్లీ తీయాల్సి రావచ్చు. «ఈ నమూనాలో రక్తకణ భక్షణ కనబడలేదు» అని రాయండి. ‘ఈ నమూనాలో’ తీసేయకండి.