పాంచాలి కాదు, పాఁచాలి

'పథేర్ పాంచాలి' అనే బెంగాలీ సినిమాలో ద్రౌపది ఎక్కడుంది అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. చిన్నప్పుడు నాకూ అదే సందేహం.

మనకు పాంచాలి అనగానే ద్రుపదుడి కూతురే గుర్తొస్తుంది. బెంగాలీలో ఇవి రెండు వేరు మాటలు, రాత కూడా వేరే. ద్రౌపది పేరులో ఞకార చకారాలు జంటగా ఉంటాయి. సినిమా పేరులో 'పా' మీద చంద్రబిందువు ఉంటుంది, మన అరసున్నలాగా. ఆ 'పా'ని ముక్కుతో పలకాలి, అంతే. మనం అరసున్న వదిలేశాక తెలుగు రాతలో రెండూ ఒకటైపోయాయి. నేనైతే పాఁచాలి అనే రాస్తాను.

పాఁచాలి అంటే కథ చెప్పే పాట. బెంగాలీ ఇళ్లలో గురువారం లక్ష్మీపూజకు లక్ష్మీ పాఁచాలి చదువుతారు. మన ఆడవాళ్లు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' లాంటివి దీనికి దగ్గరి చుట్టాలనిపిస్తాయి. 'పథేర్' అంటే బాట యొక్క. కాబట్టి 'బాట పాట'. 'మార్గ గీతం' అంటే అర్థం సరిపోతుంది కానీ ఇంటి వాసన పోతుంది.

ఈ ఒక్క మాట తెలిస్తే సినిమా మీద వచ్చిన విమర్శలు కూడా వేరుగా కనిపిస్తాయి. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన ఈ సినిమాకు 1956లో కాన్ చిత్రోత్సవంలో 'ఉత్తమ మానవీయ పత్రం' అని బహుమతి ఇచ్చారు. గౌరవమే, కానీ 'పత్రం' అనడంలో పాట వినిపించదు. 1958లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ అల్లిక వదులుగా ఉంది, నడక మందం అన్నాడు. రాయ్ ఆ వదులుతనాన్ని కావాలనే ఉంచుకున్నారు. పేద పల్లెలో బతుకు అలాగే నడుస్తుందని ఆయనే రాశారు. ఇంటిపాట కూడా అంతే కదా, పని మధ్యలో ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. 1980లో హిందీ నటి నర్గీస్, అప్పుడు రాజ్యసభ సభ్యురాలు, రాయ్ మన పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారని ఆరోపించారు. ఈ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. సినిమాలో అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలు చూసిన ఘట్టంలో పేదరికం తప్ప ఇంకేమీ కనబడలేదా? పళ్లూడిన ముసలి ఇందిర్ రాత్రివేళ ఒక్కతే కూర్చుని, పొద్దుపోయింది, నన్ను ఒడ్డు దాటించమని హరిని పాటతో వేడుకుంటుంది. ఆమెకు తిండి లేదు, పాట ఉంది. సినిమా పేరు పెట్టుకున్నది ఆ రెండోదాని మీదే.

మీ ఇళ్లలో నోములప్పుడు పాడే కథపాటలను ఏమంటారో చెప్పండి. 'బాట పాట' కన్నా మంచి పేరు దొరకొచ్చు.