నొప్పి అదుపులో ఉన్నా బ్లాక్‌కి స్టెంట్ వేయించాలా?

నిలకడ:
ఎవరి గురించి అడుగుతున్నానో ముందే చెబుతాను, లేకపోతే చర్చ పక్కదారి పడుతుంది. గుండెపోటు రాని మనిషి. వేగంగా నడిచినా, మెట్లెక్కినా ఛాతీ పట్టేసినట్టుంటుంది, ఆగితే కాసేపట్లో సర్దుకుంటుంది. కొన్ని నెలలుగా ఇదే తీరు, పెరగడం లేదు. గుండె పంపింగ్ బాగుంది. యాంజియోగ్రామ్ చేస్తే ఒక రక్తనాళంలో 80 శాతం బ్లాక్ కనిపించింది. అప్పటికప్పుడు స్టెంట్ వేసెయ్యాలా, మందులు మొదలుపెట్టి చూడవచ్చా?

మందులతో మొదలుపెట్టవచ్చని నా వాదన. స్టెంట్ అసలే వద్దని అనడం లేదు. వేసేముందు మాత్రం రోగికి ఒక మాట చెప్పి తీరాలి: "ఇది నొప్పి తగ్గడానికి వేస్తున్నాం, దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు" అని.

2007లో వచ్చిన కరేజ్ ట్రయల్‌లో 2287 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి స్టెంటూ మందులూ, రెండో గుంపుకి మందులే. నాలుగున్నరేళ్లు గడిచాక చావులు, గుండెపోట్లు కలిపి చూస్తే స్టెంట్ గుంపులో 19 శాతం, మందుల గుంపులో 18.5 శాతం. అప్పటివి ఎక్కువగా మందు పూత లేని పాత స్టెంట్లు కదా అని చాలామంది అన్నారు. 2020లో ఇస్కీమియా ట్రయల్ ఫలితాలు అచ్చయ్యాయి. 37 దేశాలు, 5179 మంది, కొత్త తరం స్టెంట్లు, అవసరమైన చోట బైపాస్. గుండె కండరానికి రక్తం బాగా తగ్గుతోందని పరీక్షలో తేలినవాళ్లనే తీసుకున్నారు. మూడేళ్లకు పైగా గమనించినా ప్రాణాలు నిలబడటంలో తేడా కనిపించలేదు.

గుండెపోటు వస్తున్న సమయంలో స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఈ చర్చ దాని గురించి కాదు.

సూటిమాట:
నిలకడ గారూ, ఇస్కీమియా గురించి సగమే చెప్పారు. ఎడమవైపు ప్రధాన నాళంలో సగానికి మించి బ్లాక్ ఉన్నవాళ్లని ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు. పంపింగ్ 35 శాతం లోపు ఉన్నవాళ్లని తీసుకోలేదు. మందులు వాడుతున్నా నొప్పి భరించలేనివాళ్లనీ తీసుకోలేదు. అంటే ప్రమాదం ఎక్కువున్నవాళ్లని పక్కన పెట్టి, మిగిలినవాళ్లలో తేడా లేదన్నారు. దాన్ని పట్టుకుని "స్టెంట్‌తో ఆయుష్షు పెరగదట" అని నలుగురూ చెప్పుకుంటే, నిజంగా అవసరమైనవాళ్లు కూడా ఇంట్లో కూర్చుంటారు. నా భయం అదీ.

మందుల గుంపులో కూడా నాలుగేళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి చివరికి స్టెంటో బైపాసో చేయాల్సి వచ్చింది. ఇంకోటి. అదే ట్రయల్ మనుషుల్ని ఇంకా ఎక్కువ కాలం గమనించి 2022లో మళ్లీ లెక్కలు ఇచ్చారు. ఏడేళ్లకు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు స్టెంట్, బైపాస్ వైపు 6.4 శాతం, మందుల వైపు 8.6 శాతం. ఇది తేడా కాదంటారా?

నిలకడ:
తేడానే. అదే నివేదికలో దాని పక్క లెక్క కూడా ఉంది. గుండెతో సంబంధం లేని కారణాలతో పోయినవాళ్లు స్టెంట్, బైపాస్ వైపు 5.6 శాతం, మందుల వైపు 4.4 శాతం. అన్ని కారణాలూ కలిపితే 12.7, 13.4. గణాంకాల ప్రకారం రెండూ ఒకటే కింద లెక్క. గుండె కాని చావులు అటువైపు ఎందుకు ఎక్కువయ్యాయో పరిశోధకులు కూడా గట్టిగా చెప్పలేకపోయారు. ఇంటివాళ్లకి కావలసింది మనిషి బతికి ఉండటం. ఆ లెక్కలో మార్పు లేదు.

ఇదే ట్రయల్‌లో నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది కాలం గడిచేకొద్దీ మారిన తీరు. మొదటి ఆరు నెలల్లో చావు, గుండెపోటు లాంటి ఘటనలు స్టెంట్, బైపాస్ వైపే ఎక్కువ, 5.3 శాతానికి 3.4. చికిత్స సమయంలో గుండె కండరానికి జరిగే నష్టం ఇందులో చాలావరకు ఉంది. ఐదేళ్ల దగ్గర చూస్తే తిరగబడింది, 16.4 శాతానికి 18.2. ముందు కొంచెం నష్టం, తర్వాత కొంచెం లాభం. రోగి ముందు ఈ బొమ్మ మొత్తం పెడితే ఎవరు ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మినహాయింపుల గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉంటే దారి వేరే. ఇది చదివేవాళ్లు ఆ ముక్క దాటేయకండి.

ల్యాబ్‌మనిషి:
నేను క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రామ్‌లు చేసి స్టెంట్లు వేసే గదిలో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. "80 శాతం" అనే అంకె మీద ఇద్దరూ ఎక్కువ బరువు పెడుతున్నారు. అది చాలాసార్లు తెర మీద బొమ్మ చూసి కంటితో వేసిన అంచనా. బ్లాక్ వల్ల రక్తప్రవాహం నిజంగా తగ్గుతోందా అని తెలుసుకోవడానికి సన్నటి ప్రెషర్ వైరు లోపలికి పంపి, బ్లాక్‌కి ముందున్న ఒత్తిడిలో బ్లాక్ దాటాక ఎంత వంతు మిగిలిందో కొలుస్తారు. ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే రక్తం తగ్గుతోందని అర్థం. 2009లో వచ్చిన ఫేమ్ ట్రయల్ కొలతలు చూడండి. 50 నుంచి 70 శాతం అనిపించిన బ్లాకుల్లో మూడోవంతు మాత్రమే నిజంగా ప్రవాహాన్ని అడ్డుకుంటున్నాయి. 71 నుంచి 90 శాతం అనిపించిన వాటిలో కూడా ఐదింట ఒకటి అడ్డుకోవడం లేదు. ఇప్పుడు సీటీ స్కాన్ బొమ్మల నుంచే కంప్యూటర్‌తో ఈ విలువ లెక్కగట్టే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది.

రెండో సంగతి. చాలా గుండెపోట్లు పెద్ద బ్లాక్ దగ్గర రావు. నాళం గోడలో మెత్తటి కొవ్వుతో, పైన పల్చటి పొరతో ఉండే పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టినప్పుడు వస్తాయి. ఆ పూడిక అంతకుముందు యాంజియోగ్రామ్‌లో 30, 40 శాతంగానే కనిపించి ఉండొచ్చు. అలాంటివి నాళాల పొడుగునా చాలా ఉంటాయి. స్టెంట్ పనిచేసేది వేసిన చోటే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అన్ని చోట్లా పనిచేస్తుంది. ఇస్కీమియాలో తేడా ఎందుకు రాలేదంటే నాకు తెలిసిన వివరణ ఇది.

పెద్దమ్మాయి:
ఇవన్నీ చదువుతుంటే కోపం వస్తోంది. మా నాన్నగారికి యాంజియోగ్రామ్ అని లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి బయటికొచ్చి "90 శాతం ఉంది, ఏ క్షణమైనా ఏమైనా కావచ్చు, ఇప్పుడే వేసేద్దాం, సంతకం పెట్టండి" అన్నారు. ఆయన టేబుల్ మీద ఉన్నారు, అమ్మ ఏడుస్తోంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఏం అడుగుతారు? నడిస్తే నొప్పి తప్ప ఆయనకి వేరే బాధ లేదు. ప్రెషర్ వైరు పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

అంతకంటే పెద్ద సమస్య తర్వాత వచ్చింది. బ్లాక్ తీసేశారు కదా, ఇక జబ్బు పోయిందని నాన్నగారు కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. మేము చెప్తే వినడం లేదు.

సూటిమాట:
అమ్మా, మీకు జరిగింది తప్పే. ఏ క్షణమైనా ఏమైనా కావచ్చని స్థిరంగా ఉన్న రోగి ఇంటివాళ్లతో అనడాన్ని నేనూ సమర్థించను. కానీ తప్పు ఆ చెప్పిన తీరులో ఉంది. దానికి స్టెంట్‌ని తప్పుపట్టకూడదు. నాన్నగారు ఇప్పుడు నొప్పి లేకుండా నడుస్తున్నారా? నడుస్తుంటే అది చిన్న లాభం కాదు.

నొప్పి గురించి ఇక్కడ ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. 2023లో ఆర్బిటా-2 వచ్చింది. 301 మంది, ఛాతీ నొప్పికి వాడే మందులన్నీ ఆపేశారు, సగం మందికి స్టెంట్, సగం మందికి వేసినట్టు నటించి వదిలేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకి తెలియదు. 12 వారాల తర్వాత నొప్పి పూర్తిగా పోయినవాళ్లు స్టెంట్ గుంపులో 40 శాతం, ఉత్తుత్తి చికిత్స గుంపులో 15 శాతం. నొప్పికి స్టెంట్ పనిచేస్తుందని ఇంతకంటే గట్టిగా ఎలా నిరూపించాలి? ఛాతీ నొప్పికి ఇచ్చే మందుల్లో బీటా బ్లాకర్లతో నీరసం, నైట్రేట్లతో తలనొప్పి. రోజుకి రెండు మూడు మాత్రలు బతికినంత కాలం మింగడం ఇష్టం లేని మనిషి ముందే స్టెంట్ అడిగితే ఎందుకు కాదనాలి?

నిలకడ:
ఆర్బిటా-2ని నేనూ గౌరవిస్తాను. దాని ముందుది కూడా చెప్పుకుంటేనే అది పూర్తిగా అర్థమవుతుంది. 2017లో మొదటి ఆర్బిటా. 200 మంది, ఒకే నాళంలో పెద్ద బ్లాక్. ముందు ఆరు వారాలు మందులు గట్టిగా సర్దారు, ఫోన్‌లో వైద్యులు పదేపదే మాట్లాడారు. తర్వాత అందర్నీ టేబుల్ ఎక్కించారు. మత్తు ఇచ్చారు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. ఉత్తుత్తి గుంపువాళ్లని కూడా కనీసం పావుగంట టేబుల్ మీదే ఉంచారు. ఆ తర్వాత వాళ్లని చూసుకున్న సిబ్బందికి కూడా ఎవరికి స్టెంట్ పడిందో తెలియదు. ఇంకో ఆరు వారాలకి ట్రెడ్‌మిల్ మీద నడిచే సమయం స్టెంట్ గుంపులో 28.4 సెకన్లు పెరిగింది, రెండో గుంపులో 11.8. ఆ తేడా గణాంకాలకి నిలబడలేదు.

రెండిటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది. మందులు సరిగ్గా వాడుతున్నవాళ్లకి స్టెంట్ అదనంగా ఇచ్చేది కొంచెమే. మందులు వాడనివాళ్లకి బాగానే ఇస్తుంది. మీరే చెప్పిన 40 శాతాన్ని ఇటునుంచి చూడండి: స్టెంట్ వేసిన తర్వాత కూడా పదిమందిలో ఆరుగురికి ఎంతో కొంత నొప్పి మిగిలింది. చిన్న నాళాల్లో లోపం వల్ల, నాళం బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి స్టెంట్‌కి తగ్గదు.

మాత్రల సంగతి ఒక్కటి. స్టెంట్ వేయించుకుంటే మాత్రలు తప్పుతాయని ఎవరూ అనుకోవద్దు. స్థిరంగా ఉన్నవాళ్లకి కూడా సాధారణంగా ఆరు నెలలు రెండు రకాల రక్తం పలచబరిచే మందులు, తర్వాత ఒకటి, స్టాటిన్ ఎలాగూ.

గణాంకం:
ఇంతసేపూ ఎవరూ ప్రివెంట్ ట్రయల్ ఎత్తలేదు. 2024లో వచ్చింది, దక్షిణ కొరియా పరిశోధకులు నడిపించారు, 1606 మంది. ల్యాబ్‌మనిషి గారు చెప్పిన మెత్తటి పూడికలనే లోపలి కెమెరా లాంటి పరికరాలతో వెతికారు. ఎఫ్ఎఫ్ఆర్ బాగున్నా సరే సగం మందికి వాటికి ముందుజాగ్రత్తగా స్టెంట్ వేశారు, మిగతావాళ్లకి మందులే. రెండేళ్లకు ఆ నాళానికి సంబంధించిన ఘటనలు స్టెంట్‌తో 0.4 శాతం, మందులతో 3.4 శాతం.

నేను దీన్ని ఇంకా తీర్పుగా తీసుకోను. ఎవరికి ఏ చికిత్సో రోగికీ డాక్టరుకీ తెలుసు. తేడాలో పెద్ద భాగం నొప్పితో ఆసుపత్రిలో చేరడం, మళ్లీ స్టెంట్ వేయడం నుంచి వచ్చింది. నాళంలో పూడిక ఉందని తెలిసిన మనిషి చిన్న నొప్పికే ఆసుపత్రికి పరుగెత్తుతాడు. అలా చూస్తే ఆర్బిటాలో చేసినట్టు ఉత్తుత్తి చికిత్సతో పోల్చాల్సింది. మరో పరిశోధన దీన్ని నిలబెడితే మాత్రం నిలకడ గారి వాదన చాలావరకు మార్చుకోవాల్సి వస్తుంది.

ల్యాబ్‌మనిషి:
పెద్దమ్మాయి గారూ, నాన్నగారి మాత్ర ఈ చర్చ కంటే ముఖ్యం. స్టెంట్ తెరిచింది ఒక అంగుళం లోపు ముక్కని. కొలెస్ట్రాల్ మిగతా నాళాలన్నిటిలో తన పని తాను చేసుకుపోతుంది. ఇలాంటి రోగులకి చెడ్డ కొలెస్ట్రాల్ డెసిలీటరుకి 55 మిల్లీగ్రాముల లోపుకి తేవాలని 2019 నుంచి యూరప్ మార్గదర్శకాల్లో ఉంది. స్టాటిన్‌తో రాకపోతే దానికి తోడు ఎజెటిమైబ్ అనే మాత్ర, అదీ చాలకపోతే కొలెస్ట్రాల్ తగ్గించే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు. స్కాట్-హార్ట్ ట్రయల్ గురించి ఆయనకి చెప్పి చూడండి. ఛాతీ నొప్పితో వచ్చిన 4146 మందిలో సగం మందికి అదనంగా సీటీ యాంజియో, అంటే స్కాన్‌తో గుండె నాళాల బొమ్మ తీసే పరీక్ష, చేశారు. ఐదేళ్లకు గుండెజబ్బు చావులు, గుండెపోట్లు కలిపి ఆ గుంపులో 2.3 శాతం, మిగతావాళ్లలో 3.9. ఐదేళ్లు తిరిగేసరికి స్టెంట్లు, బైపాస్‌లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే. నాళంలో పూడిక కళ్లారా చూశాక సరైన మందులు మొదలయ్యాయి, లాభం చాలావరకు అక్కడినుంచే వచ్చిందని పరిశోధకుల వివరణ.

రక్తం పలచబరిచే మాత్రలు కూడా ఆపేశారేమో వెంటనే అడగండి. ఆపేసి ఉంటే ఇవాళే డాక్టర్‌తో మాట్లాడండి, స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

పెద్దమ్మాయి:
అడిగాను. అవి వేసుకుంటున్నారు, ఆపింది కొలెస్ట్రాల్ మాత్ర ఒక్కటే. ఒక అంగుళం ముక్క అన్న మాట చెప్తే మొదటిసారి ఆగి విన్నారు. ఈ వారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

సూటిమాట:
మంచిది. నిలకడ గారూ, మీతో ఒక్క చోట ఇంకా ఒప్పుకోను. "ముందు మందులు" అనేది నియమం అయితే మూడు నెలలకోసారి డాక్టర్ని కలవలేని మనిషికి, మాత్రలు గుర్తుపెట్టుకోలేని మనిషికి అది పనిచేయదు. ట్రయల్‌లో ఫోన్ చేసి మరీ అడిగారు. బయట ఎవరు చేస్తారు?

నిలకడ:
ఎవరూ చేయడం లేదు, అందుకే చేయాలంటున్నాను. మాత్రలే మర్చిపోయే మనిషి స్టెంట్ తర్వాత రక్తం పలచబరిచే మందు మర్చిపోతే ప్రమాదం ఇంకా పెద్దది కదా. అలాంటివాళ్లకి ఏ దారి మంచిదో నాకూ తేలిగ్గా తేలదు. నొప్పి కొత్తగా మొదలైనా, రోజురోజుకీ పెరుగుతున్నా, కూర్చున్నప్పుడే వస్తున్నా, చెమటలు పట్టి ఇరవై నిమిషాలకీ తగ్గకపోయినా పైన నేను రాసిందంతా పక్కన పెట్టి ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. అది స్థిరమైన జబ్బు కాదు.