“ఉభయోరంతరం యచ్చ”: ఆ ‘చ’ ఎందుకు?

శబ్దమంజరి:
అందరికీ నమస్కారం. ఒక శ్లోకపాదం నన్ను వదలడం లేదు. పాణిని వ్యాకరణానికి పతంజలి రాసిన మహాభాష్యంలో ‘స్త్రియామ్’ (4.1.3) సూత్రం దగ్గరిది. “స్తనకేశవతీ స్త్రీ స్యాత్, లోమశః పురుషః స్మృతః” వరకు ఖాయంగా గుర్తుంది. తర్వాత “ఉభయోరంతరం యచ్చ”, చివర “తదభావే నపుంసకమ్” అనుకుంటున్నాను. అంటే స్తనాలు, కేశాలు ఉన్నది స్త్రీ, ఒంటి మీద రోమాలున్నవాడు పురుషుడు, ఇద్దరి ‘అంతరం’ ఏదో అది, వాటి అభావంలో నపుంసకం. మా జిల్లాలో టీచర్ల శిక్షణకు సెక్స్, జెండర్ మీద ఒక పాఠం రాస్తున్నాను. దొరికిన కరదీపికలన్నీ “సెక్స్ పుట్టుకతో వచ్చేది, జెండర్ సమాజం నేర్పేది” అని ఒక వాక్యంలో తేల్చేస్తున్నాయి. ఈ రెంటిలోనూ ఇమడని మనిషికి చివర్లో ఒక లైను మిగులుతోంది. అందుకే ఈ పాదం కావాలి. ఇక్కడ ‘అంతరం’ అంటే నడుమ ఉన్నదనా, తేడాగా ఉన్నదనా?

పాతపుస్తకం:
శ్లోకం మీరు చెప్పినట్టే. అంతరం సంగతి తర్వాత చూద్దాం, ముందు ‘యచ్చ’లో ‘చ’ తేలాలి. అది సముచ్చయమైతే, అంటే ‘మరియు’ అని కలిపేదైతే, రెండు రకాల వాళ్లను కలుపుతోంది: ఇద్దరి లక్షణాల నడుమ ఉన్నవాళ్లు ఒకరు, ఏ లక్షణమూ లేనివాళ్లు మరొకరు. వట్టి పూరణమైతే, అంటే పాదం నింపడానికే వేసినదైతే, ఒకే రకం మిగులుతుంది, రెండూ లేనిదే నడుమది అని. మీ పాఠంలో ఆ ఒక్క లైను రెండు లైన్లు కావాలా వద్దా అన్నది ఈ అక్షరం మీదే ఉంది.

గోదారిగట్టు:
పూరణమే అండీ. ఉ-భ-యో-రం-త-రం-య-చ్చ, లెక్కపెట్టండి, ఎనిమిది. ‘చ’ తీస్తే పాదం ఏడు దగ్గర ఆగిపోతుంది. అనుష్టుప్పులో ఇలాంటి ‘చ’లు ఎన్ని లేవు?

పాతపుస్తకం:
పూరణానికే అయితే ‘తు’ ఉంది, ‘హి’ ఉంది. ‘యత్తు’ అన్నా గణం చెడదు. పైగా ‘తు’ వేస్తే ‘మరి ఆ మూడోదో’ అని విడదీసినట్టు కూడా ఉండేది. అది వదిలి ‘చ’ పెట్టినవాడు కలపడానికే పెట్టాడని నా నమ్మకం.

ఓరుగల్లు:
‘చ’ మీద ఇంతసేపు కూర్చుంటే అసలు ప్రమాదం తప్పిపోతుంది. శబ్దమంజరి గారూ, ఆ శ్లోకం ఒక్కటే పాఠంలో పెట్టకండి. అది పూర్వపక్షం, అంటే ఖండించడానికి ముందుగా పెట్టే వాదం. వెంటనే ఖండన ఉంది: “లింగాత్ స్త్రీపుంసయోర్జ్ఞానే భ్రూకుంసే టాప్ ప్రసజ్యతే”. ఒంటి మీది గుర్తును బట్టే ఆడా మగా తేల్చేస్తే, ఆడవేషం కట్టిన నటుడి పేరుకు కూడా స్త్రీప్రత్యయం చేర్చాల్సి వస్తుంది. ఆ తర్వాత ఖట్వా, వృక్షం. మంచం స్త్రీలింగం, చెట్టు పుంలింగం ఎలా అయ్యాయి, వాటికి ఏ గుర్తులున్నాయి అని అడుగుతాడు. కంటికి కనిపించే గుర్తుతో లింగం తేలదని రెండు వేల ఏళ్ల కిందటే జరిగిన వాదన ఇది. టీచర్లకు చెప్పాల్సింది ఈ రెండో శ్లోకం.

గోదారిగట్టు:
భ్రూకుంస అన్నారు కాబట్టి ఒక మాట. అమరకోశం మూడు రూపాలూ ఇస్తుంది: భ్రకుంసః, భ్రుకుంసః, భ్రూకుంసః. నర్తకుడు, స్త్రీవేషధారి అయిన పురుషుడు అని అర్థం. భాష్యంలో దీర్ఘం ఉన్నా నేను హ్రస్వమే అంటాను. కనుబొమలతో మాట్లాడేవాడనే వ్యుత్పత్తి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్లకు వేరే చెప్పాలా! ఆ వేదిక మీద ఆయన ఎవరు అని ఎవరైనా అడిగారా?

ఓరుగల్లు:
వేదిక మీద అడగలేదు. వీధిలో అడిగారు. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫస్లీ, అంటే 1919 నాటి చట్టం ఉండేది. దాని కింద నపుంసకులని ముద్ర వేసినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించేవారు. వాళ్లు ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో ఉంది. అందుకే మా వైపు టీచర్ల ముందు ‘నపుంసకం’ అనే మాట వ్యాకరణ పదంగా మాత్రమే వినపడదు. శ్లోకం పెడితే ఈ చట్టం సంగతి కూడా పెట్టండి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో ‘థర్డ్ జెండర్’ను గుర్తించిన సంగతీ దాని పక్కనే ఉండాలి.

తిక్కనపక్షం:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ‘అంతరం’ గురించి అడిగి తిక్కనను వదిలేశారేమిటి? విరాటపర్వంలో బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు యుద్ధానికి వచ్చే పద్యం చూడండి. “సింగం బాకటితో గుహాంతరమునం...” అక్కడ అంతరం అంటే లోపల. తేడా కాదు, నడుమా కాదు. అదే పద్యం చివర “కుంతీసుత మధ్యముండు” అన్నాడు. అంతరము, మధ్యముడు, రెండు మాటలూ ఒకే పద్యంలో, అదీ పేడి (నపుంసక) రూపంలో ఏడాది గడిపిన మనిషి గురించి! ఇది యాదృచ్ఛికం అని నేను ఒప్పుకోను.

పాతపుస్తకం:
కుంతి కొడుకులు ముగ్గురిలో అర్జునుడు మూడోవాడు కదా, మధ్యముడు ఎలా అవుతాడని కూడా మనవాళ్లు తగువు పడ్డారు. మీ ఊహ అందంగానే ఉంది, కానీ భాష్యానికి సాక్ష్యం కాదు.

తిక్కనపక్షం:
కుంతికి కర్ణుణ్ని కలపండి, లెక్క మళ్లీ మారుతుంది. తిక్కన గారు లెక్క కోసం మాట వేయరు. బృహన్నలను ఆయన గౌరవంగానే చూపించారని నా అభిప్రాయం. ఆ గౌరవం పాఠంలోకి రావాలని నా ఆశ.

అక్షరపాటి:
సంస్కృతం దగ్గరే ఆగిపోయారు, మన బాలవ్యాకరణం రాసిన చిన్నయ సూరి గారి సంగతి? “స్త్రీ తిర్యగ్జడ భిన్నంబులు” మహత్తులు. అంటే ఆడది, జంతువు, ప్రాణం లేనిది కానిదే మహత్తు. ఇక్కడ మగవాడి నిర్వచనం ‘కానిది’తో మొదలైంది, అక్కడ భాష్యశ్లోకంలో నపుంసకం ‘లేనిది’తో. వాడుకలో చూస్తే ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. అతను మాత్రం వచ్చాడు. బహువచనంలో ఆడా మగా అందరూ వచ్చారు. తెలుగు పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ట్రాన్స్ వ్యక్తి గురించి వచ్చాడా, వచ్చిందా అని టీచర్ తడబడితే, తమ గురించి వాళ్లు ఏమంటారో అడగమనండి. ఈలోగా ‘వచ్చారు’ చేతిలోనే ఉంది.

గోదారిగట్టు:
“లింగమశిష్యం లోకాశ్రయత్వాల్లింగస్య” అన్న భాష్యవాక్యాన్నీ చేర్చండి. లింగం శాసించేది కాదు, లోకం మీద ఆధారపడింది. జెండర్ సమాజం నేర్పేది అన్న మాటకు ఇంతకంటే పాత ఆధారం ఉంటుందా!

ఓరుగల్లు:
అక్కడ లోకం అంటే పదప్రయోగం చేసే జనం. ఖట్వా స్త్రీలింగమని జనం అంటారు కాబట్టి స్త్రీలింగం, అంతవరకే. దాన్ని స్త్రీపురుషుల బతుకు మీదికి లాగితే వాక్యం తెగుతుంది. ఇష్టమైన వాక్యమే అయినా అలా వాడకండి అన్నా.

ప్రసూతివార్డు:
నేను నర్సును, శ్లోకాలు అంతగా రావు. మొదటి పోస్టులోని “పుట్టుకతో వచ్చేది” అన్న మాట గురించే చెప్తాను. బిడ్డ పుట్టగానే మేం చూసి రిజిస్టర్‌లో ఆడ, మగ అని రాస్తాం. ఎక్కువసార్లు సందేహం ఉండదు. కొందరు పిల్లల్లో చూసి చెప్పలేం, క్రోమోజోములు, హార్మోన్లు, లోపలి అవయవాలు ఒక మాట మీద ఉండవు. ఆ టైములో ఇంట్లోవాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు, వెంటనే ఆపరేషన్ చేసి ‘ఏదో ఒకటి’ చేసేయమంటారు. 2019లో మద్రాసు హైకోర్టు అలాంటి పసిపిల్లలకు ప్రాణావసరం లేకుండా ఆపరేషన్లు వద్దంది. అందుకే పాఠంలో ‘వచ్చేది’ బదులు ‘పుట్టినప్పుడు రాసేది’ అని ఉండాలి. సెక్స్ అంటే రెండు గళ్లే అనీ, తికమక అంతా జెండర్‌లోనే అనీ చెప్పే పాఠం ఈ పిల్లల్ని మళ్లీ దాచేస్తుంది.

అక్షరపాటి:
చెల్లెమ్మా, ఈ మాట కోసమే ఇంతమందిమి తిరుగుతున్నాం. 2021లో ట్రాన్స్ పిల్లల గురించి ఎన్‌సీఈఆర్‌టీ టీచర్ల కోసం చేసిన మాన్యువల్ ఫిర్యాదులు రాగానే వెబ్‌సైట్ నుంచి పోయింది. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం 2015లో తెలుగు అకాడమీ జెండర్ మీద రెండు భాషల్లో వేసిన పుస్తకం మాత్రం నా దగ్గరుంది. శబ్దమంజరి గారికి పంపిస్తాను.

శబ్దమంజరి:
తప్పకుండా పంపండి. ‘రాసేది’ తీసుకుంటున్నాను. నిర్వచనం, ఖండన, రెండు శ్లోకాలూ కలిపే పెడతాను. ‘అంతరం’ మాత్రం నడుమ అనే రాస్తున్నాను. తేడా అంటే ఆ మనిషిని ఇద్దరికీ బయట నిలబెట్టినట్టుంటుంది.

పాతపుస్తకం:
నడుమ అంటే ‘చ’ సముచ్చయమని ఒప్పుకున్నట్టే కదా. అలాగైతే ‘ఏ లక్షణమూ లేనివాళ్లు’ అని రెండో లైను కూడా రాయాలి.

గోదారిగట్టు:
ఒప్పుకున్నట్టు ఎలా అవుతుందండీ? ‘చ’ పూరణమైనా నడుమ అనే అర్థం నిలుస్తుంది. ‘తదభావే’లో ‘తత్’ దేన్ని చెబుతోందో ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. స్తనకేశాలనా, స్త్రీపుంసులనా?